కొర్లపహాడ్ టోల్ దాటాక బానెట్ కింద మంట: మా 1970 అంబాసిడర్‌కు జరిగింది

నాన్నకారు:

అందరికీ నమస్కారం. ముందుగా ఒక్క మాట. ఎవరికీ ఏమీ కాలేదు. నలుగురం క్షేమంగా ఉన్నాం, కారు కూడా చేతికి దక్కింది. ఇది మొదటే చెప్పకపోతే మిగతాది చదివేవాళ్లకు కంగారుగా ఉంటుంది.

మా నాన్నగారు 1970లో కొన్న అంబాసిడర్ మార్క్ 2 గురించి ఈ పాత కార్ల చర్చావేదికలో రాస్తూనే వచ్చాను. పద్నాలుగు నెలలు షెడ్డులో ఉండి, రేకు పని, రంగు, సీట్లు, క్రోమ్ అన్నీ చేయించుకుని ఫిబ్రవరిలో ఇంటికి వచ్చింది. అప్పటినుంచి హైదరాబాదులోనే మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిప్పాను. ఎక్కడా పేచీ పెట్టలేదు. ఆ ధైర్యంతోనే మొన్న ఆదివారం నందిగామలో పెళ్లికి దాని మీద బయలుదేరాం. ముందు సీట్లో నేను, మా ఆవిడ. వెనక అమ్మ, మా అబ్బాయి. అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. నాన్న పోయాక ఆ కారులో ఊరు దాటడం ఆమెకు అదే మొదటిసారి.

నార్కట్‌పల్లిలో టిఫిన్‌కు ఆగాం. ముప్పావుగంట తర్వాత సెల్ఫ్ కొడితే ఇంజను అందుకోలేదు. నాలుగోసారికి అందుకుంది, పెట్రోలు వాసన గుప్పుమంది. ఎండలో నిలబెట్టాం కదా, పెట్రోలును గాలితో కలిపే కార్బ్యురేటర్ పొంగి ఉంటుందని అనుకున్నాను. అమ్మ కూడా "వాసన వస్తోందిరా" అంది. పాత బండికి ఆ మాత్రం వాసన సహజమే అని చెప్పాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

నకిరేకల్ దాటి, కొర్లపహాడ్ టోల్ దగ్గర వరుసలో కాసేపు ఆగాం. టోల్ దాటి అరవై వేగం అందుకున్నాక ఇంజను రెండుసార్లు తడబడింది. ఎడమవైపు బానెట్ అంచునుంచి సన్నగా పొగ. వెంటనే రోడ్డు పక్కకు తీసి, తాళం తిప్పేసి, "అందరూ దిగండి" అని అరిచాను. మేమిద్దరం దిగాం. అమ్మ కూర్చున్న వెనక ఎడమ తలుపు మాత్రం తెరుచుకోలేదు. లోపల పిడి తిరుగుతోంది, తలుపు కదలడం లేదు. మా అబ్బాయి భయపడి కుడి తలుపు తీసుకుని లారీలు పోయే వైపు దిగాడు. మా ఆవిడ కాలు బండికి తన్నిపెట్టి రెండు చేతులతో లాగితే అప్పుడు ఊడినట్టుగా వచ్చింది. అమ్మను దించడానికి అర నిమిషం పట్టి ఉంటుంది. ఆ అర నిమిషంలో పొగ నల్లబడింది.

వెనక వస్తున్న లారీ ఆగింది. నేను బానెట్ ఎత్తబోతుంటే ఆ డ్రైవరు "ఎత్తకండి, ఎత్తకండి" అని కేకలు వేస్తూ మంటలార్పే సిలిండరు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. కొక్కెం మాత్రం వదిలించి, నాలుగు వేళ్ల సందులోంచి పొడి కొట్టాడు. క్లీనరు తడిపిన గోనెసంచి తెచ్చి పైన కప్పాడు. మంట ఆరింది. డబ్బు ఇవ్వబోతే ఇద్దరూ తీసుకోలేదు. వెళ్తూ వెళ్తూ ఆ డ్రైవరు అన్న మాట మాత్రం చెవుల్లోనే ఉంది: "మంట సంగతి తర్వాత సార్, ముందు ఆ తలుపు బాగు చేయించండి."

కారును ట్రాలీ మీద ఇంటికి తెచ్చాను. ఇంకా ఏమీ విప్పలేదు. వైరింగులో ఎక్కడో రాపిడి జరిగి అంటుకుందని నా అనుమానం. ఎక్కడినుంచి మొదలుపెట్టి చూడాలో చెప్పండి.

గుంటూరు_గేరు:

చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. అమ్మగారు ఎలా ఉన్నారు? ఆ వయసులో పొగ పీలిస్తే మరుసటి రోజుకు గాని తెలియదు, ఒకసారి డాక్టరుకు చూపించండి. కారు సంగతి ఇక్కడ అందరం కలిసి చూద్దాం.

కందెన:

నలభై ఏళ్లు ఈ ఇంజన్ల మీదే బతికినవాణ్ని, అందుకని నాలుగు ప్రశ్నలు అడుగుతాను. మీరు విప్పకుండా ఉంచడం చాలా మంచి పని. మసి చెప్పే సంగతి ఏ మెకానిక్కూ చెప్పలేడు. తుడవకండి.

బానెట్ లోపలివైపు రంగు ఎక్కడ బుడగలు లేచింది? సరిగ్గా ఎక్కడ తెల్లగా కాలి రేకు బయటపడింది? అక్కడే మంట ఎక్కువసేపు నిలబడింది. రెండో ప్రశ్న, షెడ్డువాళ్లు పెట్రోలు పంపు మార్చారా? ఇంజనుకు పక్కన బిగించే పాత పంపు ఉందా, లేక కరెంటు పంపు పెట్టారా? మూడోది, పెట్రోలు ఫిల్టరు ఎక్కడ ఉంది? నాలుగోది, రబ్బరు పైపు మీద ఏమైనా అచ్చు వేసి ఉందా?

వైరింగు అని ముందే తీర్మానించుకోకండి. వైరు కాలితే ముందు ప్లాస్టిక్ కమురు వాసన వస్తుంది. మీకు వచ్చింది పెట్రోలు వాసన. అది కూడా నార్కట్‌పల్లి నుంచే.

నాన్నకారు:

అమ్మ బాగుంది. డాక్టరు చూశారు, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నారు. అడిగినందుకు కృతజ్ఞతలు.

కందెనగారూ, ఇప్పుడే టార్చి వేసి చూసి వచ్చాను. రంగు బుడగలు లేచింది ఎడమవైపే, కార్బ్యురేటర్‌కు కాస్త ముందు, అరచేయంత మేర రేకు బయటపడింది. వెనక గోడ మీది వైర్ల కట్ట పై తొడుగు కమిలింది, లోపలి వైర్లు బాగానే ఉన్నాయి. పంపు మార్చారు. పాత పంపులో పెట్రోలును తోసే పొర చిరిగిందని చెప్పి కరెంటు పంపు పెట్టారు. నాకు చెప్పే పెట్టారు, నేనే సరేనన్నాను. ఫిల్టరు పంపు తర్వాత, కార్బ్యురేటర్‌కు దగ్గరగా పైపు మధ్యలో వేలాడుతూ ఉండేది, లోపల పెట్రోలు కనిపించే ప్లాస్టిక్ రకం. ఇప్పుడు అక్కడ కరిగిన ముద్ద ఉంది. పైపు మీద ఏ అచ్చూ లేదు. నల్లటి మామూలు రబ్బరు పైపు.

కందెన:

అయితే వైరింగు కాదు. మీ మంట పుట్టిల్లు ఆ ఫిల్టరు దగ్గరే.

తెలియనివాళ్ల కోసం కొంచెం వివరంగా చెబుతాను. అంబాసిడర్‌లో ఉన్న 1489 సీసీ ఇంజను ఇంగ్లండు నుంచి వచ్చిన బి-సిరీస్ ఇంజను. అందులో పెట్రోలు లోపలికి వెళ్లే దారి, పొగ బయటికి వచ్చే దారి రెండూ ఇంజనుకు ఒకే పక్కన ఉంటాయి. అంటే కార్బ్యురేటర్ పక్కనే, దానికన్నా కింద, ఎర్రగా కాగే సైలెన్సరు మానిఫోల్డ్, అంటే ఇంజను పొగను బయటికి తీసుకెళ్లే ఇనుప గొట్టం. అందుకే ఆ వైపు వెళ్లే పెట్రోలు పైపులో ఒక్క అతుకు ఎక్కువైనా ఊరుకోకూడదు. మీ షెడ్డువాళ్లు సరిగ్గా అక్కడే ప్లాస్టిక్ ఫిల్టరు వేలాడదీశారు. దానికి రెండు వైపులా రెండు క్లిప్పులు. అంటే కొత్తగా రెండు కారే చోట్లు.

దానికి తోడు కరెంటు పంపు. పాత పంపును ఇంజనే తిప్పుతుంది. ఇంజను ఆగితే పెట్రోలు ఆగుతుంది. కరెంటు పంపుకు ఇంజనుతో పని లేదు. తాళం ఆన్‌లో ఉంటే చాలు, పైపు తెగినా, ఇంజను ఆగినా అది తోస్తూనే ఉంటుంది. మీరు మొదట తాళం తిప్పేశారు చూడండి, ఆ ఒక్క పని మిమ్మల్ని కాపాడింది. కంగారులో తాళం అలాగే వదిలి దిగి ఉంటే ఆ సిలిండరు పొడి సరిపోయేది కాదు.

ఇంకో సంగతి. ఆ కాలపు కార్బ్యురేటర్లకు మూడు పీఎస్ఐ లోపు ఒత్తిడి చాలు. బజారులో దొరికే కరెంటు పంపుల్లో చాలావాటికి అంతకన్నా ఎక్కువే. కార్బ్యురేటర్‌లోకి వచ్చే పెట్రోలును అదుపు చేసే సూది వాల్వు దాన్ని ఆపలేక పెట్రోలు పొంగుతుంది. నార్కట్‌పల్లిలో ఆలస్యంగా స్టార్ట్ కావడానికి అదీ ఒక కారణం అయి ఉండవచ్చు.

దుక్కర్_ఫియట్:

ముంబయి నుంచి రాస్తున్నాను. మాది ఫియట్ 1100. నాకు పూర్తిగా నచ్చని ఒక్క మాట ఉంది. అందరం షెడ్డు మీద పడుతున్నాం, పెట్రోలు సంగతి ఎవరూ ఎత్తడం లేదు. పాత పంపులో పొర ఎందుకు చిరిగింది? ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఈ కార్లు పుట్టిన రోజుల్లో అది లేదు. పొర చిరగడం, పైపు మెత్తబడటం, ఫిల్టరు పగలడం అన్నీ ఒకే కథ అని నా నమ్మకం.

రసాయనం:

విశాఖలో ఇంధనాల పరీక్షల్లో పనిచేస్తాను కాబట్టి దీనికి నేను సమాధానం చెప్పాలి.

ఇథనాల్ పాత్ర ఉంది. కానీ దాన్ని ఉన్నంత మేరకే చూద్దాం. మన దేశంలో 20 శాతం లక్ష్యాన్ని మొదట 2030కి పెట్టుకుని, తర్వాత 2025కు ముందుకు జరిపారు. 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలైంది. ఇప్పుడు హైవే మీద ఎక్కడ పోయించుకున్నా అదే వస్తుందని అనుకోవాలి. ఇథనాల్ పాత కార్లలో మూడు పనులు చేస్తుంది.

మొదటిది, పాత రకం రబ్బరును ఉబ్బిస్తుంది. ఉబ్బిన రబ్బరు ఆరితే బిరుసెక్కి పగులుతుంది. నాన్నకారు గారి కారు నగరంలో వారానికి ఒకసారి తిరిగింది. అంటే పైపు తడవడం, ఆరడం, మళ్లీ తడవడం. ఇది రోజూ తిరిగే బండికన్నా హాని. రెండోది, ఏళ్ల తరబడి ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డిని కదిలించి ముందుకు తోస్తుంది. ఫిల్టరు త్వరగా మూసుకుపోతుంది. మూడోది గాలి లెక్క. పెట్రోలు ఒక పాలుకు 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 పాళ్లు చాలు. పాత కార్బ్యురేటర్‌కు ఈ తేడా తెలియదు, పాత లెక్కనే గాలి కలుపుతుంది. దాంతో మిశ్రమం పలచబడి, ఇంజను తడబడుతుంది, వేడెక్కుతుంది.

అయినా ఇథనాల్ పైపును పగలగొట్టింది అనడం సగం నిజమే. అచ్చు లేని పైపును ఏ పెట్రోలైనా పగలగొట్టేది, కాకపోతే మరో ఏడాది పట్టేది. లోపల ఫ్లోరో రబ్బరు పొర ఉండే పైపు ఇథనాల్‌ను తట్టుకుంటుంది. దాని మీద ఎస్ఏఈ జె30 ఆర్9 అని అచ్చు ఉంటుంది. ఆ అచ్చు లేకుండా ఎవరు ఎంత మంచిదని చెప్పినా తీసుకోకండి. పంపు పొరలు కూడా ఇథనాల్‌కు తట్టుకునే రకం దొరుకుతున్నాయి.

మీ బంకు పెట్రోలులో ఎంత ఇథనాల్ ఉందో ఇంట్లోనే చూసుకోవచ్చు. కొలతలున్న సన్నటి గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల నీళ్లు, 90 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి, మూత బిగించి కుదిపి నిలబెట్టండి. ఇథనాల్ పెట్రోలును వదిలి నీళ్లలోకి దిగుతుంది. అడుగున 10 ఉన్న నీటి మట్టం సుమారు 28కి చేరితే అది 20 శాతం పెట్రోలు. బయట గాలి తగిలేచోట, పొయ్యికి, దీపానికి దూరంగా చేయండి.

ఆక్స్‌ఫర్డ్_త్రీ:

ఇంగ్లండులో ఉంటాను. నా దగ్గర ఉన్నది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3, అంటే మీ అంబాసిడర్‌కు పుట్టిల్లు. ఇక్కడ 2021 సెప్టెంబరులో మామూలు పెట్రోలులో ఇథనాల్ 10 శాతానికి పెంచారు. అప్పుడు మా పాత కార్లవాళ్లలో ఇదే చర్చ, ఇదే గొడవ. మాకు ఒక వెసులుబాటు ఉంది. 5 శాతం రకం ఖరీదైన పెట్రోలు ఇంకా దొరుకుతోంది. మీకు అలాంటి దారి సులువుగా దొరకదు కాబట్టి పైపులు మార్చుకోవడం తప్ప వేరే మార్గం లేదనిపిస్తోంది.

ఫిల్టరు గురించి కందెనగారు చెప్పినదే ఇక్కడి అనుభవజ్ఞులూ చెబుతారు. దాన్ని వెనక ట్యాంకు దగ్గర, చల్లటి చోట, లోహపు తొడుగున్నది పెట్టండి. ఇంజను గదిలో వద్దే వద్దు.

దుక్కర్_ఫియట్:

రసాయనంగారూ, ఒప్పుకుంటున్నాను. నేనూ రెండేళ్ల కిందట పైపులన్నీ మార్చాను, అప్పటినుంచి అదే 20 శాతం పెట్రోలుతో నడుస్తోంది, ఒక్క చుక్క కారలేదు. నా కోపం పైపు మీదికన్నా, కారు యజమానులకు ఎవరూ ముందుగా చెప్పకపోవడం మీద. అది మాత్రం తగ్గదు.

నీటిబండి:

అగ్నిమాపక శాఖలో పనిచేసి పదవీ విరమణ చేశాను. ఆ లారీ డ్రైవరుకు నా నమస్కారం. చదువుకున్నవాళ్లు కూడా చేసే తప్పును ఆయన ఆపాడు.

బానెట్ ఎందుకు ఎత్తకూడదు? లోపల మంటకు పెట్రోలు ఉంది, వేడి ఉంది, గాలి మాత్రం తక్కువ. మీరు బానెట్ పూర్తిగా ఎత్తితే ఆ గాలి ఒక్కసారిగా లోపలికి దూసుకెళ్తుంది. మంట మీ ముఖం మీదికే లేస్తుంది. కనుబొమ్మలు, చేతులు కాల్చుకున్నవాళ్లను నేను చాలామందిని చూశాను. కొక్కెం వదిలించి, సందులోంచి గాని, ముందు జాలీలోంచి గాని పొడి కొట్టాలి. పొడి లోపల తిరుగుతుంది. చిన్న సిలిండరు పది సెకన్లలోపే ఖాళీ అవుతుంది కాబట్టి వృథాగా పైన కొట్టకూడదు. పెట్రోలు మంట మీద నీళ్లు పోయకూడదు, నీటి మీద తేలి మంట పక్కకు పాకుతుంది. పిండిన తడి గోనె మూయడానికి పనికొస్తుంది. మట్టి, ఇసుక కూడా పనికొస్తాయి.

మంట ఎలా అంటుకుందన్న దాని మీద నా అభిప్రాయం. అందరూ మానిఫోల్డ్ వేడి అంటున్నారు. తెరిచి ఉన్న చోట కారిన పెట్రోలు వేడి ఇనుము మీద పడగానే అంటుకోదు, చాలాసార్లు ఆవిరై పోతుంది. ఆ ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు. ఇంజను గదిలో కిందికి దిగి పరుచుకుంటుంది. ఫ్యాను దాన్ని అటూ ఇటూ తోస్తుంది. అలా వెళ్లి కరెంటు పుట్టించే డైనమో బ్రష్షుల దగ్గరి నిప్పురవ్వను తాకిందంటే క్షణంలో వెనక్కి పాకి కారే చోటికి చేరుతుంది. మంట కనబడేది కారిన చోట. అంటుకునేది వేరే చోట. అందుకని వాసన వచ్చినప్పుడే ఆపాలి. వాసన అంటేనే ఆవిరి అప్పటికే పరుచుకుంది అని అర్థం.

సిలిండరు 2 కిలోల ఏబీసీ పొడి రకం, డ్రైవరు సీటు దగ్గర చేతికి అందేచోట. డిక్కీలో పెట్టుకున్నది లేనట్టే లెక్క. హైవే మీద ఉంటే 1033కి ఫోను చేయండి, లేదంటే 112, 101. దిగినవాళ్లు బండి వెనక గాని ముందు గాని నిలబడకుండా రోడ్డు అంచు కంచె అవతలికి వెళ్లాలి. మీ అబ్బాయి కుడివైపు దిగాడని చదివినప్పుడు మంటకన్నా దానికే ఎక్కువ భయపడ్డాను.

ఒకటి మరచిపోయాను. ఆ పొడి తేమ తగిలితే ఆమ్లంలా ఇనుమును తింటుంది. కందెనగారు మసి చూడటం పూర్తయిందంటే వెంటనే గాలితో ఊదించి, తడి గుడ్డతో తుడిపించి, ఆరబెట్టించండి. నెల ఆగితే మీ కొత్త రంగు కింద తుప్పు మొదలవుతుంది.

నాన్నకారు:

నీటిబండిగారూ, ఈ రాత్రికే తుడిపించడం మొదలుపెట్టాను. ఫోటోలు అన్ని వైపులనుంచీ తీసి ఉంచాను.

ఇవాళ తలుపు విప్పి చూశాం. నేను గడియ చెడిపోయిందని అనుకున్నాను. గడియ బాగానే ఉంది. తలుపు చుట్టూ వేసిన కొత్త రబ్బరు బీడింగు అసలు కొలతకన్నా లావు. ఎండకు ఉబ్బి, కొత్త రంగుకు అతుక్కుపోయింది. షెడ్డులో తలుపు గట్టిగా వేసి చూపించినప్పుడు "ఎంత బిగుతుగా పడుతోందో చూడండి" అంటే నేనూ సంతోషించాను. బయటినుంచి లాగితే వస్తుంది, లోపలినుంచి డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి భుజంతో తోస్తే రాదు.

ఆ బిగుతు నాకు నాణ్యతలా కనిపించింది. అది తలచుకుంటే నిద్ర పట్టడం లేదు.

కందెన:

మిమ్మల్ని మీరు అంతగా నిందించుకోకండి. నా షెడ్డుకు వచ్చినవాళ్లలో వందకు తొంభైమంది వారానికి మూడుసార్లు ఫోను చేసి అడిగింది రంగు గురించే. పెట్రోలు పైపు ఏ రకం వేశావు అని అడిగినవాళ్లు నాకు వేళ్ల మీద గుర్తున్నారు. మేస్త్రీ కూడా మనిషే, అడిగిన పని మీదే ముందు చెయ్యి పెడతాడు. అయినా తప్పు మేస్త్రీదే. అడగకపోయినా చేయాల్సిన పనులు కొన్ని ఉంటాయి. పెట్రోలు, బ్రేకు, స్టీరింగు, తలుపు. ఈ నాలుగూ అయ్యాకే రంగు డబ్బా మూత తీయాలి. నా గురువు నాకు అలాగే నేర్పాడు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. పాత పంపునే బాగు చేయించి, ఇథనాల్‌కు తట్టుకునే పొర వేయించి తిరిగి బిగించండి. కరెంటు పంపు ఉంచాలనే పట్టుదల ఉంటే, ఆయిల్ ఒత్తిడి పడిపోగానే దానికి కరెంటు ఆగిపోయే స్విచ్ పెట్టాలి, ఒత్తిడి తగ్గించే రెగ్యులేటరు పెట్టాలి. అంత తతంగం ఎందుకు, పాత పంపు యాభై ఏళ్లు నడిచింది కదా. పైపులు మార్చేటప్పుడు బ్రేకు రబ్బరు గొట్టాలు కూడా మార్చండి. ఈ కార్లలో నాలుగు చక్రాలకూ బ్రేకు నూనెను తోసే మాస్టర్ సిలిండరు ఒకటే, దారీ ఒకటే. ఒక గొట్టం పగిలితే నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి.

గుంటూరు_గేరు:

బీమా సంగతి ఎవరూ అడగలేదు. థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే మీ కారు కాలిన నష్టం రాదు. ఈసారి కట్టేటప్పుడు నిప్పుకు కూడా వర్తించేలా తీసుకోండి.

ఇంకో చిన్న మాట. యాభై ఏళ్లు దాటిన కార్లకు 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం వీఏ అక్షరాలున్న ప్రత్యేక నంబరు తీసుకోవచ్చు. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. అయితే ఆ నంబరు తీసుకుంటే ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతులకు తప్ప రోజువారీ పనులకు రోడ్డెక్కకూడదు. అమ్మగారిని పెళ్లిళ్లకు తీసుకెళ్లాలంటే మామూలు నమోదునే పునరుద్ధరించుకుంటూ ఉండండి. మా నాన్నగారి కారుకు నేను అదే చేశాను.

కొత్తగా_చేరాను:

ఇవన్నీ చదివాక నాకు భయం పట్టుకుంది. రాజమండ్రిలో బాగు చేసిన మార్క్ 2 ఒకటి అమ్మకానికి ఉంది. వచ్చే వారం చూడటానికి వెళ్తున్నాను. అద్దంలా మెరుస్తోంది. నాకు మెకానిక్ పని తెలియదు. నేను చూసి తెలుసుకోగలిగేది ఏమైనా ఉందా?

కందెన:

ఉంది. చల్లగా ఉన్న కారును చూడకండి. అరగంట నడిపించి, పావుగంట ఆపి, అప్పుడు బానెట్ ఎత్తమనండి. ముక్కుతో చూడండి. తర్వాత ఇంజను పూర్తిగా చల్లారాక, పెట్రోలు పైపును వేళ్ల మధ్య పట్టుకుని వంచండి. సన్నటి పగుళ్లు కనిపించినా, రాయిలా బిరుసుగా ఉన్నా, నొక్కితే స్పాంజిలా మెత్తగా ఉన్నా మార్చాల్సిందే. పైపు మీద అచ్చు చదవండి. తాళం ఆన్ చేసి ఇంజను స్టార్ట్ చేయకుండా చెవి పెట్టండి. టకటక చప్పుడు వస్తే కరెంటు పంపు ఉంది. ఎంతసేపటికి ఆగుతుందో చూడండి.

ఈ ఉదంతం తర్వాత ఇంకొకటి కలుపుతున్నాను. ఎండలో రెండు గంటలు నిలబెట్టి, అద్దాలు మూసి, లోపల కూర్చుని నాలుగు తలుపులూ లోపలినుంచి తీసి చూడండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లనే కూర్చోబెట్టి తీయమనండి.

కొత్తగా_చేరాను:

అమ్మమ్మను వెంట తీసుకెళ్తాను. కృతజ్ఞతలు, కందెనగారూ.

నాన్నకారు:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. షెడ్డు యజమానితో కూర్చుని మాట్లాడాను. కోపంగానే వెళ్లాను. కరిగిన ముద్దను ఆయన చేతిలో పెట్టాను. చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత తన దగ్గర బాగు చేయించుకున్న మరో ఆరు కార్ల యజమానులకు నా ముందే ఫోను చేసి, పైపులు మార్చేదాకా బయటికి తీయవద్దని చెప్పాడు. ఆ ఫోన్లు విన్నాక నాకు ఇంకేమీ అనాలనిపించలేదు. అందుకే ఆ షెడ్డు పేరు ఇక్కడ రాయడం లేదు, అడగవద్దని మనవి.

పాత పంపు కొత్త పొరతో తిరిగి వచ్చింది. ట్యాంకునుంచి కార్బ్యురేటర్ దాకా పైపులన్నీ ఆర్9. ఫిల్టరు లోహపుది, వెనక ట్యాంకు పక్కన. బ్రేకు గొట్టాలు కూడా మార్చాం. కార్బ్యురేటర్‌లో మిశ్రమం కాస్త చిక్కగా సరిచేయించాక తడబాటు పోయింది. సిలిండరు సీటు కింద ముందు భాగంలో బిగించాం. బానెట్ లోపల కాలిన చోట రంగు వేయించలేదు. అలాగే ఉంచమని మా అబ్బాయి అన్నాడు.

బీడింగు పాత కొలతదే వెతికి వేయించాం. నిన్న మధ్యాహ్నం రెండు గంటలు కారును ఎండలో ఉంచి, అమ్మను వెనక కూర్చోబెట్టి తలుపు వేశాం. మేమందరం బయట నిలబడ్డాం. నేను చెయ్యి వేయబోతే వద్దని సైగ చేసింది. పిడి తిప్పి, ఒక్క చేత్తో తోసి, దిగింది. మళ్లీ ఎక్కి, మళ్లీ తీసింది. మూడోసారి కూడా చూసుకుని, "ఇక నందిగామ వెళ్దాం, కొత్త దంపతులను చూడలేదు కదా" అంది. వచ్చే ఆదివారం తెల్లవారుజామునే బయలుదేరుతున్నాం. సూర్యాపేట దాకా నా వెనక ఇంకో కారులో మా తమ్ముడు వస్తాడు.

దుక్కర్_ఫియట్:

వెళ్లి రండి. చేరగానే ఇక్కడ ఒక మాట రాయండి, ఎదురుచూస్తుంటాం.

కొత్తగా_చేరాను:

రాజమండ్రి కారు చూసి వచ్చాను. కుడివైపు వెనక తలుపు అమ్మమ్మకు రాలేదు. పైపు మీద అచ్చు లేదు. అమ్మేవారికి రెండూ చూపించాను, ఆయనకూ తెలియదట. బాగు చేయించి పిలుస్తానన్నారు. ఆర్9 పైపు ఇక్కడ దుకాణాల్లో దొరకలేదు. మీకు ఎక్కడ దొరికింది?

నాన్నకారు:

హైదరాబాదులో తిరిగి తిరిగి సంపాదించాను. రెండు మీటర్లు ఎక్కువే కొన్నాను, మీటరు పైగా మిగిలింది. కార్బ్యురేటర్ వైపు ముక్కలకు అది సరిపోతుంది. విడిగా సందేశం పెట్టండి, ఎల్లుండి బస్సుకు వేసి పంపుతాను. డబ్బు వద్దు.